లోపలి గడియ

మా కుక్క జొన్న మొరుగుడు ఎత్తుకుపోయింది మీరు. మా అత్త పెట్టిన బొట్టు కాదు, మీరు. అద్దాల గదుల్లో చల్లగా కూచుని, లోపల గడియ లేని డబ్బా ఒకటి చేసి, దానికి "కుదురు గది" అని పేరు పెట్టి, "మీ పెంపుడు ప్రాణికి ప్రయాణంలో ఇంతకన్నా క్షేమమైన చోటు లేదు" అని ఊరూరా గోడలకెక్కించిన నిశ్చింత యాత్రా సంస్థ పెద్దలు. తప్పు వాడుకున్నవాళ్లదని విచారణలో తేల్చేసి చేతులు కడుక్కున్నారు. మీ విచారణలో నన్ను జరిగిందంతా పూర్తిగా చెప్పనివ్వలేదు. అందుకే ఇక్కడ చెప్తున్నాను. పూర్తయ్యేదాకా అడ్డం రాకండి.

నా పేరు తిప్పమ్మ. మా ఆయన ఓబులేసు నిశ్చింత వాళ్ల యాత్రా బండి తోలేవాడు. బండి అంటే చక్రాల మీద ఇల్లు. మంచాలుంటాయి, పొయ్యి ఉంటుంది, స్నానాల గది ఉంటుంది. టూరుకొచ్చే కుటుంబాలను ఎక్కించుకుని లేపాక్షి, గండికోట, బెలుం గుహలు తిప్పి తెచ్చేవాళ్లం. ఆయన తోలుతాడు, నేను వండుతాను. మాతో పాటు జొన్న. జొన్నల బస్తాల మధ్య దొరికిన కూన, రంగు కూడా అదే, ఇంకో పేరు పెట్టే పనే పడలేదు. సీటు వెనక నిలబడి కిటికీలోంచి తల బయటపెట్టి, ఖాకీ గుడ్డ కనపడితే చాలు మొరిగేది. టోలుగేటు దగ్గర ఓబులేసు నవ్వేవాడు. "టోలు కట్టేది మనం, లెక్క అడిగేది జొన్న" అని.

ఈ బండ్లు పెరిగేకొద్దీ జనం కుక్కల్నీ పిల్లుల్నీ చిలకల్నీ వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మనిషికి టూరు సరదా. జంతువుకు మాత్రం కాళ్ల కింద నేల పరిగెడుతుంటుంది, లారీ హారను నేరుగా గుండెలో పడుతుంది, తెలిసిన వాసన ఒక్కటీ ఉండదు. మా బండిలోనే ఒక పొమేరియన్ ధర్మవరం దాటాక కిటికీలోంచి దూకింది. దాని యజమానురాలు రోడ్డు పక్కన కూలబడి ఏడ్చిన ఏడుపు నేను మరవలేదు. అంటే రోగం నిజమే. మందు కావాలన్నదీ నిజమే. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు.

మందు తయారుచేసింది డాక్టర్ సువర్చల. పెనుకొండ దాటాక బెంగళూరు రోడ్డు మీద నిశ్చింత వాళ్ల ప్రయోగశాల ఉంది. నాటు కుక్క మీద పరీక్ష చెయ్యాలి, జొన్నను తీసుకురమ్మని ఓబులేసుకు కబురొచ్చింది. పోయాం. ఆమె బల్ల మీద తెల్లపిల్లి ఫోటో ఉంది.

"మా మల్లి" అంది ఆమె, నేను చూడడం చూసి. "కారులో తీసుకెళ్తుంటే భయంతో గుండె ఆగిపోయింది. నా ఒళ్లోనే. రోగం లేదు, దెబ్బ లేదు. వట్టి భయం."

కల్మషమున్న మనిషి కాదు. ఇప్పుడూ అదే అంటాను.

ప్రయోగశాల మధ్యలో గాజు గోడతో ఒక గది. బండిలో బిగించబోయే గదికి నమూనా. ఒక మనిషి వంగి దూరి కూచునేంత. గోడకు నల్లటి గుండ్రటి కన్ను ఒకటి, కింద జల్లెడలాంటి మూత వెనక ఒక గొంతు. కన్ను కుక్క ఒంటి వేడి చూసి చల్లగాలి పెంచుతుంది, తగ్గిస్తుంది. గొంతు ఒక హోరు చేస్తుంది. మెడపట్టీ గుండెను వింటుంది. గుండె ఎంత పరిగెడితే హోరు అంత పెరుగుతుంది. జొన్నను లోపల పెట్టి, బయట టపాకాయల మోత మోగించారు.

మా జొన్నకు టపాకాయంటే ప్రాణం మీదికొస్తుంది. దీపావళి మూడు రోజులూ మంచం కిందే ఉండి, అక్కడే ఉచ్చ పోసుకునేది. మోత మొదలుకాగానే గాజు మీదికి ఎగిరింది. గోళ్లు జారిన చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. అప్పుడు హోరు లేచింది. గాజు ఇవతలికి నాకు లీలగా వినపడింది, దూరంగా తేనెపట్టు ఉన్నట్టు. జొన్న ఆగింది. చుట్టూ చూసింది. ఆవలించి ముందుకాళ్ల మీద తల పెట్టుకుంది. టపాకాయలు పేలుతూనే ఉన్నాయి.

నేను ఏడ్చాను. సంతోషంతోనే.

"తలుపుకు లోపల పిడి లేదేంటికి మేడం?" అని అడిగాడు ఓబులేసు. బండి తోలేవాడి కన్ను తలుపుల మీదికే పోతుంది.

"పంజాతో నొక్కి బయటపడుతున్నాయండి, పిల్లులైతే మరీ. హైవే మీద తలుపు తెరుచుకుంటే ఇంకేముంది? అందుకే తీసేశాం. కానీ జంతువుకు నిజంగా ఆపద వస్తే గుండె హద్దు దాటుతుంది కదా. దాటిందంటే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది."

తల ఊపి వచ్చేశాం. ఇప్పుడు మీరు ఆ మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. భయపడితే తలుపు తెరుచుకుంటుంది. భయపడనియ్యని గొంతు కూడా అదే గదిలో ఉంది. ఇంత చదువుకున్నవాళ్లు ఇంతమంది బల్ల చుట్టూ కూచున్నారే, ఒక్కరికీ తట్టలేదా? తట్టింది కానీ సీజను ముంచుకొస్తోందని నోరు మూసుకున్నారా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి.

మా బండికి గది బిగించారు. పొయ్యి పైన చిన్న తెర పెట్టారు. లోపల అంతా బాగుంటే అందులో పచ్చగా "ప్రశాంతం" అని వెలుగుతుంది. మొదట్లో నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది. కుక్క ఉందో లేదో అన్నట్టు ఉండేది. నా పని నేను చేసుకునేదాన్ని. టోలుగేటు కుర్రాడు ఓబులేసును అడిగాడట, "ఏం పా, మీ కుక్క సచ్చిపోయిందా?" అని.

మా అత్త మారెక్కకు మాత్రం ఆ గది నచ్చలేదు. ఆమెకు బాగా చెవుడు. మిషన్ కొనిచ్చాం గానీ అది ఈల వేస్తుందని తీసి సంచిలో పడేసుకుంటుంది. మన పెదాలు చూసి సగం, తన ఊహతో సగం మాట్లాడుతుంది.

"కుక్క కుక్క మాదిరి లేదు మే" అంది గది బయటికొచ్చిన జొన్నను చూసి. "కల్లు తాగినట్లుండాది."

"నెమ్మదిగా ఉండాది అత్తా."

"గుమ్మడా? గుమ్మడికాయ ఎవురు తిన్యారు?"

ఇట్లా సాగేది.

దసరాకు బండికి ఆయుధపూజ చేశాం. నిశ్చింత వాళ్లకు అర్థం కాని విషయం ఇదే కాబట్టి వివరంగా చెప్తాను. మా అత్త పళ్లెం పట్టుకుని బయలుదేరితే ఆమె చేతికి అందిన ఏ పనిముట్టూ బొట్టు లేకుండా మిగలదు. స్టీరింగుకు బొట్టు. పొయ్యికి, సిలిండరుకు, కుక్కరుకు, కత్తిపీటకు బొట్టు. అద్దం తుడిచే పుల్లలకు కూడా. చక్రాల కింద నిమ్మకాయలు. చివరికి కుదురు గది దగ్గరికి వచ్చింది. గడపకు ముద్దగా పసుపు పూసి కుంకుమ పెట్టింది. లోపలికి వంగి గోడ మీది నల్లటి కన్ను చూసింది.

"ఇదేమి?"

"కన్ను అత్తా. కుక్కను చూసే కన్ను."

ఈ మాట మాత్రం ఆమెకు సరిగ్గానే అందింది. "ఇంతమందికి పెట్టి కన్నుకు పెట్టకుంటే ఎట్ల? అలుగుతాది" అని దాని నిండా గంధం అద్ది, నడిమధ్య కుంకుమ పెట్టింది. చూడముచ్చటగా ఉంది. నేనే ఫోటో తీశాను.

గంధం ఎండి గట్టిపడింది. కన్ను మూసుకుపోయింది. కన్ను మూసుకుపోతే ఏం చెయ్యాలో దానికి ఎవరూ నేర్పలేదు. కనపడడం లేదని అది అరవలేదు. చివరగా చూసిన దాన్నే పట్టుకుని కూచుంది. అది చివరగా చూసింది పూజ రోజు ఖాళీగా, చల్లగా ఉన్న గదిని.

మర్నాడు గండికోటకు బయలుదేరాం. టూరువాళ్లు లేరు, సీజనుకు ముందు బండి ఒకసారి తిప్పి చూసుకునే ప్రయాణం. ఎప్పటినుంచో గండికోట చూడాలంటున్న మా అత్తను కూడా ఎక్కించుకున్నాం. దారి పొడుగునా జొన్న ముందు మా దగ్గరే ఉంది. కోట దగ్గర బండ్ల యార్డులో ఆపాక, లోయ అంచున కుక్కల్ని వదలొద్దని కావలివాళ్లు చెప్తే, గదిలో పెట్టాను. అప్పటికి గది చల్లగానే ఉంది, ప్రయాణంలో గాలి ఆడింది కదా. ఓబులేసు కరెంటు తీగ అడగడానికి యార్డు ఆఫీసుకు పోయాడు. మా అత్త బొరుగుల సంచి తీసుకుని బండి నీడన బండరాయి మీద కూచుంది. నేను బొరుగుల ఉగ్గానికి ఉల్లిపాయలు కోసుకుంటున్నాను.

ఎండ బండి పైకప్పు మీద నిలబడి ఉంది. ఆశ్వయుజంలో మా వైపు ఎండ ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్లకే తెలుసు. తెర చూశాను. పచ్చ. ప్రశాంతం. పోపు వేసి మళ్లీ చూశాను. పచ్చ. అయినా అది నీళ్లు తాగే వేళ కదా అని గిన్నె పట్టుకుని పోయాను.

ఇంకో విషయం. ఆ తలుపు స్ప్రింగు తలుపు, వదిలితే మూసుకుంటుంది. లోపల పిడి లేదు కాబట్టి నేను ఎప్పుడు లోపలికి వంగినా నా చెప్పు తీసి తలుపు సందులో పెట్టేదాన్ని. ఆ రోజు చెప్పు తీసి వంగాను. గడప మీద నిన్నటి పసుపు, కుంకుమ. పూజ చేసిన గడప మీద చెప్పు ఎట్లా పెడతాం? చేతులు రాలేదు. భుజం మీది తువ్వాలు మడిచి అడ్డం పెట్టి లోపలికి దూరాను.

కుక్కరు మూత ముఖం మీద తీసినట్టయింది. ఆ వేడికి "అమ్మా" అనబోయాను. అనే లోపల హోరు చెవిలో పడింది.

దాన్ని ఎట్లా చెప్పాలి? వేడి పోలేదు. వేడి ఉంది, కానీ అది పక్కింటివాళ్లకు సంబంధించిన సంగతి అయిపోయింది. తువ్వాలు జారింది. వెనక తలుపు టక్కుమని పడింది. లోపల పిడి లేదని నాకు తెలుసు. ఆ తెలియడం కూడా ఎక్కడో రేడియోలో ఎవరో ఎవరికో చెప్తున్నట్టే ఉంది. నేను జొన్న పక్కన కాళ్లు ముడుచుకుని కూచున్నాను. హాయిగా ఉంది. అబద్ధం చెప్పి ఏం లాభం? పెళ్లయినప్పటి నుంచీ నాకు అంత హాయి లేదు. బియ్యం గురించి, ఓబులేసు దగ్గు గురించి, ఎదురొచ్చే లారీల గురించి నేను రోజంతా మోసే భయాలన్నీ ఎవరో దించి కింద పెట్టారు.

జొన్న పక్కకు పడుకుని ఉంది. నాలుక నేల మీద ఉంది. డొక్క డోలులా కొట్టుకుంటోంది. నా చేతిలో గిన్నె వంగి నీళ్లు ఒలికాయి. అయ్యో అనుకోలేదు. పట్టొచ్చులే తర్వాత, అనుకున్నాను. దాని మెడపట్టీ మీద చిన్న దీపం ఉంది. పచ్చగా ఉన్నది ఉన్నట్టుండి పసుపుకు తిరిగేది. తిరగగానే హోరు పెరిగేది. మళ్లీ పచ్చ. చూస్తూ కూచున్నాను, బాగుంది ఆట అని. అది ఆట కాదని ఇప్పుడు చెప్తున్నాను. ఆ దీపం పసుపుకు తిరిగిన ప్రతిసారీ నా కుక్క గుండె లోపలినుంచి తలుపు తట్టింది. తట్టిన ప్రతిసారీ మీ యంత్రం దాని నోరు మూసింది. కుక్క ఉడికిపోతుంటే ఇంకొంచెం చల్లగాలి ఇవ్వాల్సిన చోట ఇంకొంచెం జోల పాడింది.

గోడ మీద గట్టిగా కొట్టొచ్చు. అరవొచ్చు. మా అత్తకు వినపడదు గానీ యార్డులో ఇంకెవరైనా వింటారు. ఈ ఆలోచన కూడా వచ్చింది. వచ్చి, నిలబడి, కూచోమనేవాళ్లు లేక వెళ్లిపోయింది. నేను ఇరుక్కున్నానని నాకు తెలుసు. బయటపడాలని అనిపించలేదు. ఇంతకంటే బిగువైన తాళం ప్రపంచంలో ఎవరైనా చేశారా?

జొన్న తోక ఒకసారి నేలకు కొట్టింది. నన్ను గుర్తుపట్టిందని మురిసిపోయాను. దాని పక్కన ఒరిగాను. ఒళ్లంతా చెమట పట్టి, పట్టిన చెమట ఆగిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. మా అత్త. బొరుగులు తిని దప్పికేసి నీళ్లకొచ్చిందట. పొయ్యి మీద మాడుతున్న పోపు వాసన చూసి, కోడలు యాడ సచ్చిందని వెతుక్కుంటూ వచ్చింది.

"అత్తా, రా, కూచో. బాగుంది ఈడ" అన్నాను.

ఆమె నా పెదాలు చూసింది. హోరు ఆమె చెవులకు పనిచెయ్యలేదు, అవి ఏ చప్పుడుకూ లొంగవు. వేడి మాత్రం ఆమె ముఖానికి తగిలింది.

"ఏం బాగుండేది మే" అంది. "కుక్క నాలుక నేరేడు పండు మాదిరి ఉంటే."

నా జడ పట్టుకుంది. నేను విడిపించుకోబోయాను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు, సిగ్గుపడాల్సింది మీరు: నన్ను కాపాడ్డానికొచ్చిన ముసలామె చేతిని నేను గోళ్లతో గీరాను, లోపలే ఉంటానని. తలుపు ఆమె వీపు మీదికి మూసుకుపోతోంది. ఆమె అటూ ఇటూ చూసి, కాలి చెప్పు విదిలించి, తాను పసుపు పూసిన గడప మీదే, కుంకుమ మీదే, సందులో తోసి పెట్టింది. ఏ రోజూ దేవుడి పటం ముందు కాళ్లు చాపి కూచోని మనిషి. తలుపు ఆ చెప్పు మీద ఆగింది. నన్ను జడపట్టి, జొన్నను మెడపట్టీ పట్టి, బియ్యం బస్తాలు దించినట్టు ఒకరి తర్వాత ఒకర్ని బయటికి లాగింది.

బండరాయి పక్కన జొన్నను పడేసి కడుపు మీద, పాదాల మీద తడిగుడ్డలు వేస్తోంది. ఓబులేసు పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నేను నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు ఏడవాలి అని తెలుసు. రాలేదు.

"కుక్క పోతాంటే బొమ్మ మాదిరి నిలబడుకోనుండావేం మే?" అని అరిచాడు ఓబులేసు. "నీళ్లు తే."

తెచ్చాను. నడిచే వెళ్లి తెచ్చాను.

జమ్మలమడుగులో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. బతికింది. "కొంచెం ఆలస్యమైతే దక్కేది కాదు" అన్నాడాయన. నన్ను చూసి, "మీరు కూడా" అని చేతికి సెలైను ఎక్కించాడు. బతకడం వరకూ బతికాం. తర్వాతది చెప్తాను.

ఇంటికొచ్చాక అన్నం మాడే వాసన వస్తే లేచేదాన్ని కాదు. చెయ్యి పెనానికి అంటుకుంటే మాంసం కాలేదాకా తీసేదాన్ని కాదు. రోడ్డు దాటుతుంటే ఓబులేసు నా కొంగు పట్టుకునేవాడు, చిన్నపిల్లకు పట్టుకున్నట్టు. నాకు రోజురోజుకూ కొంచెం తగ్గింది. నేను గదిలో ఉన్నది ఆ ఒక్కసారే. జొన్న చాలాసార్లు ఉంది. అది మొరగడం లేదు. లారీ వస్తుంటే పక్కకు తప్పుకోదు, నిలబడి చూస్తుంది. అందుకని కట్టేశాం. పుట్టినప్పటినుంచీ తాడు ఎరగని కుక్క. వేపచెట్టుకు కట్టేస్తే తాడు వైపు కూడా చూడదు. గింజుకుంటే బాగుండేదని నేను దాని ముందు కూచుని ఎదురుచూస్తాను.

విచారణకు ప్రయోగశాలకు పిలిచారు. సంస్థ మేనేజరు తెరమీద ఫోటో వేశాడు. నేను తీసిన ఫోటోనే. కంటికి గంధం, కుంకుమ.

"సెన్సారును కావాలని మూసేశారు. ఇది వాడకంలో లోపం. యంత్రంలో లోపం లేదు" అన్నాడు.

మా అత్త నా మోచెయ్యి గోకింది. "ఏమంటాండాడు?"

"నీ బొట్టు వల్లనే అంటాండాడు."

ఆమె ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూశాక నాకు ఆ రోజుల్లో మొదటిసారి కోపమనేది కొంచెం వచ్చింది. లేచి నిలబడి చుట్టూ చూపించాను. దసరా పోయి ఎన్నో రోజులు కాలేదు. మేనేజరు ముందున్న కంప్యూటరుకు బొట్టు. కరెంటు పెట్టెకు బొట్టు, ఎండిన బంతిపూల దండ. సువర్చల మేడం భూతద్దం గొట్టానికి బొట్టు. గాజు గదికి ఒక్కదానికే లేదు, దానికి తాళం ఉంటుంది కాబట్టి.

"ఇదెవురు పెట్టినారు సార్? మా అత్తనే వచ్చి పెట్టిందా? మీ పనిముట్లకు మీరు పెట్టుకుంటిరి కదా. ఇదే దేశంలో అమ్మే మిషన్ బొట్టుకు తట్టుకుంటాదో లేదో సూసుకోవల్లని మీకేంటికి తోచలేదు? సరే, బొట్టు తప్పే అనుకుందాం. రేపు దుమ్ము పడితే? సాలెపురుగు గూడు కడితే? కన్ను పోయినా కుక్కకు నోరుండాది కదా. ఆ నోరెందుకు తీసేస్తిరి?"

"హోరు మనుషుల మీద పనిచెయ్యదు. మీరు కంగారులో ఏదో ఊహించుకున్నారు" అన్నాడు మేనేజరు.

"కంగారే రాలేదని కదా సార్ నేను మొత్తుకునేది. మీరు పోయి కూచోండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. సువర్చల మేడం లేచింది.

"నేను కూచుంటాను" అంది. "ఇన్నాళ్లూ గాజు ఇవతలే ఉన్నాను."

చల్లగాలి ఆపించి, వేడిగాలి వదలమని సహాయకుడికి ఆమే చెప్పింది. మెడపట్టీ మణికట్టుకు చుట్టుకుంది. లోపలికి వెళ్లింది. తలుపు పడింది. మొదట గోడలు తడుముతూ, చెమట తుడుచుకుంటూ కనపడింది. మణికట్టు దీపం పసుపుకు తిరిగింది. హోరు లేచింది. ఆమె చెయ్యి ఒళ్లోకి జారింది. గాజులోంచి మమ్మల్ని చూసి చిరునవ్వు నవ్వింది.

"మేడం, తలుపు తియ్యమంటారా?" అని సహాయకుడు మైకులో అడిగాడు.

"ఎందుకూ? బాగుంది. కాసేపుండనీ."

"చూశారా, ఆమెకేం ఇబ్బంది లేదు" అన్నాడు మేనేజరు.

జుట్టు నుదుటికి అతుక్కుంది. ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. "మేడం" అన్నాడు సహాయకుడు మళ్లీ. "తర్వాత" అంది ఆమె. నేను అనుకున్న మాటే. నా ఒంట్లో ఏదో కదిలింది. భయం. నాది నాకు తిరిగొచ్చింది. నేనే పోయి తలుపు లాగాను. మా అత్త తన చెప్పు అప్పటికే చేత్తో పట్టుకుని ఉంది.

మేడంను బయట కూచోబెట్టి నీళ్లు తాగించి, కెమెరాలో తీసిందంతా చూపించారు. తన నవ్వు తనే చూసుకుంది. పిల్లి ఫోటో చేతిలోకి తీసుకుంది.

"మల్లి భయంతో చచ్చిపోయిందని భయాన్నే శత్రువనుకున్నాను" అంది నాతో. "మల్లి ఆ భయంతోనే నన్ను పిలుస్తూ ఉంది, తిప్పమ్మగారూ. కారు ఆపమని. నేను ఆపలేదు." తర్వాత మేనేజరు వైపు తిరిగి, "బండ్లన్నిట్లో ఈ గొంతు తీసేయండి. ఈ రోజే" అంది.

ఈ రోజే అని ఆమె అన్న రోజు గడిచిపోయింది. ఆమెను ఆ పని నుంచి తప్పించారు. ఓబులేసును బండి నుంచి దించారు. నిశ్చింత వాళ్లు చేసిన మార్పు ఒక్కటే: ప్రతి కుదురు గది తలుపు మీద ఒక స్టిక్కరు అంటించారు. "కంటికి బొట్టు పెట్టరాదు." ఇంతే. గొంతు అట్లాగే ఉంది. తలుపు అట్లాగే ఉంది. లోపల గడియ లేదు.

మొన్న దీపావళికి జొన్న మంచం కిందికి పోలేదు. వాకిట్లో పడుకుంది. పక్కింటి పిల్లలు వదిలిన భూచక్రం తిరుగుతూ తిరుగుతూ దాని తోక దగ్గరికొచ్చింది. నిప్పురవ్వలు దాని కళ్లలో కనపడుతున్నాయి. అది చూస్తూ ఉంది. మా అత్త చెంబుడు నీళ్లు కుమ్మరించి, దాని తల ఒళ్లో పెట్టుకుని, "మొరుగే, ఒక్కసారి మొరుగు. నాకు ఇనపడకపోయినా పర్వాలేదు" అంటూ కూచుంది.

కార్తీకం వచ్చింది. సీజను. ఈ సోమవారం నిశ్చింత బండ్లన్నీ సంస్థ యార్డు వదులుతున్నాయి. ప్రతి బండిలో ఎవరిదో ఒక కుక్కో, పిల్లో, కుందేలో లోపల పడుకుని ఉంటుంది. పొయ్యి పైన తెర పచ్చగా ఉంటుంది. ఎవరో ఉల్లిపాయలు కోసుకుంటూ దాన్ని నమ్ముతుంటారు.

అందుకని అడుగుతున్నాను. బతిమాలడం లేదు. సోమవారం బండ్లు కదలకముందే ప్రతి గదిలోనూ ఆ గొంతు పీకండి. కన్నుకు చూపు ఆగితే గొల్లున మోగే గంట పెట్టండి. జల్లెడ కిటికీ కోసి బయటి గాలి రానివ్వండి. సువర్చల మేడంను తిరిగి పనిలో పెట్టండి, తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మా అత్త పేరు మీ విచారణలోంచి కొట్టేయండి. ఇవి జరిగేదాకా బండ్లు కదలవు. తోలేవాళ్లతో మాట్లాడాను. యార్డు గేటు ముందు పడుకుంటాం, జొన్నను కూడా తెచ్చుకుంటాం.

ఇది చదువుతున్నవాళ్లు టూరులో ఉంటే, మీ బండిలో ఆ గది ఉంటే, ఇక్కడితో చదవడం ఆపండి. తెర చూడొద్దు. లేచి పోయి తలుపు తెరవండి. సందులో చెప్పు పెట్టండి, గడపకు పసుపున్నా పెట్టండి. తర్వాత ఒక స్క్రూడ్రైవరు తెచ్చి, లోపలి వైపు గడియ బిగించండి.